రోకలికి పొన్ను, పంటికి క్యాప్

మూసాపేట నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 44. ఇంట్లోనే బ్లౌజులు కుడతారు, పెళ్ళిళ్ళ సీజన్‌లో మగ్గం వర్కు కూడా చేస్తారు. పుట్టిల్లు నల్గొండ దగ్గర పల్లె. రెండేళ్ళుగా షుగర్ ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంటోందట.

నిరుడు దసరా తర్వాత ఎడమవైపు రెండు పళ్ళు ఒకదాని వెంట ఒకటి సలపడం మొదలుపెట్టాయి. కింద పెద్ద దవడ పన్ను, పైన చిన్న దవడ పన్ను. ఆడపడుచు కొడుకు బీడీఎస్ పూర్తి చేసి కొత్తగా క్లినిక్ పెట్టుకున్నాడు. "అత్తా, నేనున్నాగా" అని రెండింటికీ రూట్ కెనాల్ చేశాడు. మందుల ఖర్చు మాత్రమే తీసుకున్నాడు. "నెలలోపు క్యాపులు వేయించుకో" అని కూడా చెప్పాడు. కానీ నొప్పి పోయింది, పెళ్ళిళ్ళ ఆర్డర్లు వచ్చాయి, అమ్మాయి ఇంటర్ ఫీజు రెండో విడత వచ్చింది. క్యాపుల సంగతి వెనక్కి పోయింది.

సంక్రాంతికి సకినం కొరికితే కింది పన్ను నాలుక వైపు గోడ విరిగింది. నొప్పి లేదు కాబట్టి ఊరుకున్నారు. మూడు వారాల క్రితం కందిపొడి అన్నంలో చిన్న రాయి తగిలి, పై పన్ను అంగిలి వైపు సగం ఊడి చేతిలోకి వచ్చింది. అప్పుడు భయపడ్డారు.

ఇప్పటికి ముగ్గురు డాక్టర్లు చూశారు. మేనల్లుడు "రెండింటికీ పోస్టులు దింపి, కోర్ కట్టి క్యాపులు వేద్దాం, పోస్ట్ ఉంటే పన్ను గట్టిపడుతుంది" అన్నాడు. మాదాపూర్‌లోని ఒక పెద్ద క్లినిక్‌లో "రెండూ తీసేసి ఇంప్లాంట్లు (దవడ ఎముకలో మర బిగించి దాని మీద పెట్టే పళ్ళు) పెట్టించుకోండి" అని 80 వేల లెక్క రాసిచ్చారు. నారాయణగూడలో ఒక పెద్దాయన మాత్రం "కిందిదానికి పోస్ట్ అక్కర్లేదు. పైదాని సంగతి లోపల శుభ్రం చేసి చూస్తే గానీ చెప్పలేను" అన్నారు. ఆ మాట విని ఈమెకు ఉన్న నమ్మకం కూడా పోయింది. "చూసి చెప్పలేని డాక్టర్ ఏం డాక్టర్ అండీ?" అని రాశారు.

ఇంట్లో ఆయన "ఇంటి పన్ను కట్టాలా, నీ పన్ను కట్టించాలా" అని నవ్వుతారట. నవ్వే గానీ అందులో లెక్క ఉందని ఈమెకు తెలుసు. అత్తగారేమో "పీకించేయ్, నాకు పళ్ళే లేవు, నేను బతకట్లేదా" అంటారు. వేరే డాక్టర్లకు చూపించిన సంగతి మేనల్లుడికి ఇంకా తెలియదు. తెలిస్తే ఆడపడుచు ముందు తలెత్తుకోలేనని భయం. చివర్లో ఒక ప్రశ్న: ఊడిన పంటి ముక్కను సూదుల డబ్బాలో దాచారు, దాన్ని అతికించొచ్చా?

*

అమ్మా, మీ ఉత్తరంలో "నా నిర్లక్ష్యమే" అన్న మాట నాలుగు చోట్ల ఉంది. ఆలస్యం వల్ల నష్టం జరిగింది, కాదనను. కానీ రూట్ కెనాల్ చేయించుకున్న వాళ్ళలో మీలాంటి వాళ్ళనే నేను రోజూ చూస్తుంటాను. నొప్పి ఉన్న పన్ను డాక్టర్ దగ్గరికి పరిగెత్తిస్తుంది. నొప్పి లేని పన్ను సగం కట్టి ఆపేసిన ఇల్లని ఎవరికీ అనిపించదు. మీ వంతు తప్పుకు మీరు ఇప్పటికే కావలసినంత బాధపడ్డారు. మిగిలింది పళ్ళ సంగతి.

ముగ్గురు మూడు రకాలుగా చెప్పారని మీ టెన్షన్. నాకు కనిపించేది వేరు. మీ నోట్లో ఉన్నవి రెండు వేర్వేరు సమస్యలు. ఇద్దరు డాక్టర్లు ఆ రెండింటికీ కలిపి ఒకే జవాబు చెప్పారు. ఒకాయన మాత్రమే విడదీసి చూశారు. మీరు పంపిన చీటీల మీద 36, 25 అని ఉంది. మొదటి అంకె నోటిలో ఏ పావు భాగమో చెబుతుంది, రెండోది మధ్య గీత నుంచి ఎన్నో పన్నో చెబుతుంది. 36 అంటే కింద ఎడమవైపు ఆరోది, రెండు వేళ్ళున్న బలమైన పన్ను. 25 అంటే పైన ఎడమవైపు ఐదోది, చాలామందికి ఒకే వేరున్న సన్నని పన్ను. ఒకదానికి పనికొచ్చే వైద్యం రెండోదానికి పనికిరాకపోవచ్చు.

ముందుగా, రూట్ కెనాల్ చేసిన పన్ను ఎందుకు విరుగుతుంది? "నరం తీసేశారు కదా, ఎండిన కొమ్మలా పెళుసైపోతుంది" అని అందరూ అంటారు. మేం చదువుకునే రోజుల్లో మాకూ అలాగే చెప్పారు. నరం ఉన్న పంటికీ లేని పంటికీ తేమలో చెప్పుకోదగ్గ తేడా లేదని తర్వాత పరీక్షల్లో తేలింది. విరిగేది ఎండిపోయి కాదు, గోడలు పోయి. 1989లో వచ్చిన ఒక ప్రయోగశాల అధ్యయనం ఈ లెక్క తేల్చింది. రూట్ కెనాల్ కోసం పైనుంచి చేసే రంధ్రం వల్ల పంటి బిగువు 5 శాతమే తగ్గింది. పిప్పి తిన్న పళ్ళలో పోయినట్టే ముందూ వెనకా గోడలు రెండూ తీసేసిన పంటికి మాత్రం 60 శాతం పైగా తగ్గింది. అంటే రూట్ కెనాల్ చేసిన మీ మేనల్లుడి చేతి కంటే, అంతకుముందు ఏళ్ళ తరబడి తిన్న పిప్పి చేసిన నష్టమే పెద్దది. ఈ మాట ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే అర్థమవుతుంది.

ఇప్పుడు పోస్ట్. ఉత్తరాల్లో నన్ను ఎక్కువగా అడిగేదీ, ఎక్కువ అపార్థం ఉన్నదీ దీని మీదే.

పంటి పైభాగం పోయినప్పుడు క్యాప్ నిలబడడానికి లోపల ఒక దిమ్మె కావాలి. దాన్ని కోర్ అంటారు. ఆ దిమ్మె పట్టుకోవడానికి పైన పన్నే మిగలకపోతే, వేరు లోపలి సొరంగంలో ఒక పుల్ల దింపి, దానికి దిమ్మెను పట్టిస్తారు. ఆ పుల్లే పోస్ట్. దాని పని అంతే, కోర్‌ను పట్టి ఉంచడం. పన్నును గట్టిపరచడం దాని పని కాదు. పైగా అది దూరడానికి వేరును లోపల్నుంచి ఇంకొంచెం తొలచాలి. అంటే మిగిలిన పన్నులోంచే మరికొంత పోతుంది. కర్రలో మేకు దిగ్గొడితే కర్ర బలపడదు కదా, చీలడానికి దారి ఏర్పడుతుంది.

మీ మేనల్లుడు చెప్పిన మాట నేనూ ప్రాక్టీస్ మొదలుపెట్టిన కొత్తలో పేషంట్లకు చెప్పాను. మరలున్న స్టీల్ పోస్టులు వేళ్ళలో బిగించి, ఇక దీనికి తిరుగులేదు అనుకునేవాణ్ణి. ఐదారేళ్ళకు వాళ్ళలో కొందరు తిరిగొచ్చారు. క్యాప్ చెక్కుచెదరలేదు, పోస్ట్ చెక్కుచెదరలేదు, వేరు మాత్రం నిలువునా రెండు చెక్కలయ్యింది. ఆ చెక్కలను ట్రేలో పెట్టి చూసుకున్నప్పుడు నాకు పాఠం వంటబట్టింది. ఈ మేకుల మోజు కొత్తదేం కాదు లెండి. 1728లో ఫ్రాన్స్‌లో పియర్ ఫోషార్ రాసిన దంతవైద్య గ్రంథంలోనే వేళ్ళలో లోహపు మేకులు దించి కట్టుడు పళ్ళు నిలబెట్టే పద్ధతి ఉంది.

మరి పన్నును కాపాడేది ఏమిటి? మీ పుట్టింట్లో రోకలి ఉండే ఉంటుంది. దాని కింది కొసకు చుట్టూ తొడిగిన ఇనప కట్టు, అదే పొన్ను, ఉంటుంది చూడండి. ఎంత దంచినా కర్ర పగలకుండా ఆపేది ఆ పొన్నే. రోకలి లోపల ఎవరూ ఇనప చువ్వ పెట్టరు. క్యాప్ కూడా సరిగ్గా అలాగే పనిచేస్తుంది. చిగురు పైన మీ సొంత పన్ను కనీసం ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల ఎత్తున చుట్టూ నిలిచి ఉంటే, క్యాప్ అంచు దాన్ని చుట్టి బిగించి పట్టుకుంటుంది. నమిలినప్పుడు వేరు విచ్చుకోకుండా కాస్తుంది. రెండు మిల్లీమీటర్లంటే రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెడితే వచ్చే మందం కంటే తక్కువే. ఆ కాస్తే పదేళ్ళ తేడా తెస్తుంది. గుర్తుంచుకోండి, పొన్ను బిగియాల్సింది మీ సొంత పంటి మీద. కోర్ మీద బిగిస్తే లాభం లేదు. సిమెంట్‌తో ఎంత ఎత్తు కట్టినా అది ఆ రెండు మిల్లీమీటర్ల కింద లెక్కకు రాదు.

కాబట్టి ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా "పోస్ట్ వేయాలా వద్దా" అని మొదలుపెట్టకండి. "చిగురు పైన నా సొంత పన్ను చుట్టూ ఎంత మిగిలింది?" అని అడగండి. ఈ ప్రశ్నకు కొలిచి జవాబు చెప్పే డాక్టర్ దగ్గర మిగతావన్నీ సవ్యంగానే జరుగుతాయి.

ఇక మీ 36. ఎక్స్‌రేలోనూ మీరు ఫోన్‌తో తీసి పంపిన ఫొటోలోనూ చూసినంత వరకు నాలుక వైపు గోడ ఒకటే పోయింది. మిగతా మూడు గోడలు నిలిచే ఉన్నాయి, విరిగిన చోట కూడా అంచు చిగురు పైనే ఉంది. పెద్ద దవడ పన్నుకు మధ్యలో నరం ఉండే గది విశాలంగా ఉంటుంది. ఆ గదిలోనే కోర్ సిమెంట్ చక్కగా కూర్చుంటుంది, వేళ్ళ లోపలికి పుల్ల దింపాల్సిన పని సాధారణంగా రాదు. నారాయణగూడ డాక్టర్ చెప్పింది నాకూ సబబుగానే తోస్తోంది. నాలుగు గోడల్లో మూడు పోయి ఉంటే, కింది పన్నుకు వెనక వేరులో ఒక్క పోస్ట్ గురించి ఆలోచించేవాళ్ళం. మీకు ఆ అవసరం కనిపించడం లేదు. ఇక దీన్ని పీకి ఇంప్లాంట్ పెట్టాలన్న సలహా ఏ లెక్కన ఇచ్చారో నాకు అర్థం కాలేదు. వేరులో చీలిక ఉందని వాళ్ళు చూసి ఉంటే ఆ మాట రాసి ఇవ్వాల్సింది. మీరు పంపిన కాగితంలో రేట్లు తప్ప కారణం లేదు.

అయితే ఒక మెలిక ఉంది. సంక్రాంతి నుంచి ఆ గోడ తెరుచుకునే ఉంది. రూట్ కెనాల్‌లో వేళ్ళను గులాబీ రంగు రబ్బరు లాంటి పదార్థంతో నింపుతారు, గట్టా పెర్చా అంటారు దాన్ని. పైన మూత సరిగ్గా ఉన్నంత కాలమే దానికి రక్షణ. లాలాజలం నెలల తరబడి దాని మీద పారితే, దాని వెంట సూక్ష్మక్రిములు వేరు లోపలికి దిగుతాయి. తాత్కాలికంగా పెట్టే మెత్తని సిమెంట్ కొన్ని వారాల కోసమే, నెలల కోసం కాదు. అందుకే కోర్ కట్టే ముందు డాక్టర్ లోపలికి చూడాలి. గట్టా పెర్చా నోటికి తెరుచుకుని లేకుండా, ఏదో ఒక పొర సిమెంట్ ఇంకా మూసే ఉంటే నేరుగా కోర్ కట్టొచ్చు. తెరుచుకుని ఉంటే, నొప్పి లేకపోయినా సరే, రూట్ కెనాల్ మళ్ళీ చేయించుకుని ఆ తర్వాత కోర్ కట్టించుకోవడం మంచిది. రెండోసారి చేయాలంటే అదనంగా రెండు మూడు సిట్టింగులు, ఆ మేరకు డబ్బు. చేయకుండా పైన ఖరీదైన క్యాప్ బిగిస్తే, ఏడాది రెండేళ్ళకు వేరు కొన దగ్గర చీము పట్టి, ఆ క్యాప్‌కే రంధ్రం చేయాల్సి రావచ్చు. చాలామంది ఆ రిస్క్ తీసుకుంటారు, కొందరికి ఏమీ కాదు కూడా. నా చెల్లెలికైతే తీసుకోనివ్వను.

క్యాప్ దేంతో చేయించాలన్నది మీరనుకున్నంత పెద్ద ప్రశ్న కాదు. వెనక పన్ను కదా, పూర్తి లోహపు క్యాప్ అయితే పన్నును అన్నిటికంటే తక్కువ అరగదీస్తే చాలు, మన్నిక బాగుంటుంది. నవ్వినప్పుడు కనిపిస్తుందన్న బెంగ ఉంటే పంటి రంగులో ఉండే జిర్కోనియా. లోహం మీద పింగాణీ పూత వేసినవి ఇప్పటికీ బాగానే పనిచేస్తాయి, కాకపోతే సకినాలు, నల్లి బొక్కలు కొరికే వాళ్ళకు పూత చిట్లే అవకాశం ఉంది. ఏదైనా సరే, వేయించుకోవడం ముఖ్యం. 2002లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, రూట్ కెనాల్ తర్వాత క్యాప్ వేయని పళ్ళు, వేసిన వాటికంటే 6 రెట్లు ఎక్కువగా ఊడిపోయాయి.

అసలు చిక్కంతా 25 దగ్గరే. "చూసి చెప్పలేని డాక్టర్ ఏం డాక్టర్" అన్నారు మీరు. మీకు నమ్మకం పోగొట్టిన ఆ మాటే నాకు ఆయన మీద నమ్మకం కలిగించింది. అంగిలి వైపు పన్ను చిగురు కిందికి విరిగింది. అక్కడ చిగురు వాచి, విరిగిన అంచు మీదికి ఎక్కి ఉంటుంది. ఎక్స్‌రే అంటే పంటి నీడ. చెంప వైపు నిలిచిన గోడ, అంగిలి వైపు పోయిన గోడ ఆ నీడలో ఒకదాని మీద ఒకటి పడతాయి. ఎంత లోతుగా విరిగిందో దాన్ని చూసి ఖాయంగా చెప్పడం ఎవరి వల్లా కాదు. మత్తిచ్చి, పాత సిమెంట్ తీసి, చిగురు పక్కకు తప్పించి చూడాల్సిందే.

చూసేటప్పుడు ఇంకో పరీక్ష కూడా చేస్తారు. మొద్దు కొస ఉన్న సన్నటి కొలబద్ద లాంటి పుల్ల ఒకటి ఉంటుంది, దాన్ని పంటికీ చిగురుకూ మధ్య సందులో మెల్లగా నడిపిస్తారు. రెండు, రెండు, మూడు, రెండు అని సందు లోతును మిల్లీమీటర్లలో నర్సుకు చెబుతూ పోతారు. మీకూ వినిపిస్తుంది. ఒక్క చోట మాత్రం ఉన్నట్టుండి పుల్ల జారిపోయి ఎనిమిదో తొమ్మిదో అన్నారంటే, వేరు నిలువునా చీలిందేమోనని గట్టిగా అనుమానించాలి. చిగురు మీద మొటిమలా లేచి అణుగుతూ ఉండటం ఇంకో గుర్తు. వేరు చీలిందని తేలితే దానికి పోస్ట్ లేదు, క్యాప్ లేదు, తీసేయడమే. ఈ పరీక్ష కాకుండా పోస్ట్‌కు ఒప్పుకోకండి.

చీలలేదనుకుందాం. అప్పుడు దారులు ఇవి.

చుట్టూ రెండు మిల్లీమీటర్లు కాకపోయినా, చాలా వరకు మిగిలి ఒక్క అంగిలి వైపే తక్కువైతే, ఫైబర్ పోస్ట్‌తో కోర్ కట్టి క్యాప్ వేయొచ్చు. ఇక్కడ పోస్ట్ నిజంగానే కావాలి, ఎందుకంటే సన్నని పన్నులో సగం పోయాక కోర్‌కు వేరే ఆధారం లేదు. ఫైబర్ పోస్ట్ అంటే గాజు పోగులను జిగురులో అతికి చేసిన తెల్లని పుల్ల, అగ్గిపుల్ల కంటే సన్నగా ఉంటుంది. ఒత్తిడి పడితే పన్నుతో పాటు తనూ కాస్త వంగుతుంది. లోహం అలా వంగదు, ఆ ఒత్తిడంతా వేరు గోడ మీదికి నెడుతుంది. ఫైబర్ పోస్ట్ చెడిపోయినా ఎక్కువగా జిగురు వదిలి ఊడి వస్తుంది, మళ్ళీ అతికించుకోవచ్చు. లోహపు పోస్ట్ చెడిపోతే తరచుగా వేరునే చీల్చుకుని పోతుంది. అలాగని ల్యాబ్‌లో పోత పోసి తెచ్చే లోహపు పోస్టును తీసిపారేయలేం. సొరంగం గుండ్రంగా కాక కోలగా, వెడల్పుగా ఉన్నప్పుడు దానికి అచ్చంగా సరిపోయేలా చేయించేది అదే. కాకపోతే ల్యాబ్ నుంచి వచ్చే దాకా వేరు తాత్కాలిక మూతతోనే ఉండాలి.

ఆ పని ఎలా జరగాలో కూడా తెలుసుకోండి. మీ 25 లాంటి పంటి వేరు సగటున 14 మిల్లీమీటర్లు ఉంటుంది. కొన దగ్గర నాలుగైదు మిల్లీమీటర్ల గట్టా పెర్చాను కదపకుండా వదిలేయాలి, వేరుకు తాళం అదే. మిగిలిన తొమ్మిది పది మిల్లీమీటర్లే పోస్ట్‌కు చోటు. అతికించేటప్పుడు పన్ను చుట్టూ రబ్బరు షీటు కట్టి, ఉమ్మి తగలకుండా చేస్తే జిగురు బాగా పడుతుంది. అయ్యాక ఎక్స్‌రే తీయమనండి. పోస్ట్ కొసకూ గట్టా పెర్చాకూ మధ్య నల్లటి ఖాళీ కనిపించకూడదు. ఇది మీరే చూడగలరు, డాక్టరే కానక్కర్లేదు.

పన్ను చిగురు కిందికి బాగా విరిగి, పొన్నుకు చోటు లేకపోతే, ఆ చోటును తయారు చేసుకునే పద్ధతులు రెండున్నాయి. ఒకటి చిన్న సర్జరీ: చిగురును, దాని కింది ఎముకను కాస్త తగ్గించి పన్నును బయటపెట్టడం. మానడానికి కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి క్యాప్ వేస్తారు. ఇందులో నష్టమేమిటంటే ఎముకలో పాతుకున్న భాగం తగ్గి, బయట ఉన్న భాగం పెరుగుతుంది. లోతు తక్కువగా పాతిన స్తంభం సంగతి మీకు తెలియంది కాదు. రెండోది, క్లిప్పుల డాక్టర్ చేత తీగ కట్టించి వేరునే మెల్లగా కిందికి లాగడం. ఎముక మిగులుతుంది గానీ నెలలు పడుతుంది, ఖర్చు ఇంకొంచెం పెరుగుతుంది. ఇంత చేసీ ఆ పన్నుకు పొన్ను దక్కదనిపిస్తే, ఏ పోస్ట్ అయినా రోజులు లెక్కపెట్టుకోవడమే. అప్పుడు తీసేయడమే తెలివైన పని.

తీశాక ఇంప్లాంట్ మంచిదే. మాదాపూర్ వాళ్ళ మాట 36 విషయంలో నాకు నచ్చలేదు గానీ, 25 విషయంలో వాళ్ళే రైట్ కావచ్చు. టైటానియం మర ఎముకలో అతుక్కోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. షుగర్ ఉన్నంత మాత్రాన కాదనరు, కానీ మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించి, అది బాగుంటేనే ముందుకెళ్ళాలి. పైదవడలో ఆ చోట సైనస్ అనే గాలి గది దగ్గరగా ఉంటుంది, ఎముక చాలకపోతే ఎముక పొడి నింపాల్సి వచ్చి లెక్క పెరగొచ్చు. పక్క పళ్ళ ఆధారంతో నిలబెట్టే బ్రిడ్జి అయితే రెండు వారాల్లో అయిపోతుంది, కానీ అటూ ఇటూ ఉన్న 24, 26లను అరగదీయాలి. అవి ఏ మచ్చా లేని పళ్ళయితే నాకు మనసొప్పదు. వాటికీ పెద్ద ఫిల్లింగులుంటే బ్రిడ్జి గురించి ఆలోచించొచ్చు. తీసి వేసుకునే పన్ను చవక, అలవాటు పడడం కష్టం. ఏమీ పెట్టకుండా వదిలేయడం కూడా ఒక దారే. పక్క పళ్ళు మెల్లగా ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, కింద ఎదురుగా ఉన్నది పైకి లేస్తుంది. ఏళ్ళ మీద జరిగే పని అది. డబ్బు సమకూరే దాకా ఆరు నెలలు ఖాళీగా ఉంటే కొంపలేం మునగవు.

మీది నల్గొండ వైపు అన్నారు, ఫొటోలో పళ్ళ మీద ఫ్లోరైడ్ చారలూ కనిపిస్తున్నాయి. ల్యాబ్ వాళ్ళు తెల్లగా మెరిసే క్యాప్ పంపితే అది పక్క పళ్ళలో కలవదు. రంగు పగటి వెలుతురులో, కిటికీ దగ్గర చూపించుకోండి. చార కూడా వేయించొచ్చు. బట్టకు దారం రంగు కలపడం మీకు నేను నేర్పేదేముంది!

ఇక డబ్బు. ఇంటి పన్నూ కట్టాల్సిందే, నోటి పన్నూ కట్టించాల్సిందే. రెండూ ఒకే నెలలో అక్కర్లేదని మీవారికి చెప్పండి. ముందు 36 పని పూర్తి చేయించండి, అది ఖాయంగా దక్కే పన్ను. అదే రోజు 25ను తెరిచి చూడమనండి, చూడడానికి పెద్ద ఖర్చేం కాదు. 36 కోర్ వెంటనే కట్టించి, క్యాప్ మరీ కష్టమైతే ఒకటి రెండు నెలలు ఆగొచ్చు. ఈసారి మాత్రం దసరా దాకా కాదు. ప్రైవేటులో భారమనిపిస్తే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి దగ్గరే ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, బయటికంటే చాలా చవక. ఎక్కువ సార్లు తిరగాలి, క్యూలో కూర్చోవాలి, మీ కుట్టు పని గంటలు పోతాయి. ఆ గంటలూ లెక్కలో వేసుకోండి. మూసాపేటలో మెట్రో ఎక్కితే మారే పని లేకుండా ఎంజీబీఎస్‌లో దిగొచ్చు.

మేనల్లుడి విషయం. మీరు అతన్ని మోసం చేసినట్టు బాధపడుతున్నారు. అతను చేసిన రూట్ కెనాల్ ఎక్స్‌రేలో నాకు బాగానే కనిపించింది, కొన దాకా నింపాడు. క్యాప్ త్వరగా వేయించుకోమన్నాడు, అదీ సరైన మాటే. తేడా వచ్చింది ఒక్క పోస్ట్ దగ్గరే. వెళ్ళి "నీ పని బాగాలేదట" అని చెప్పాల్సిన అవసరమే లేదు. "బాబూ, కింది పన్నుకు మూడు గోడలున్నాయి కదా, పోస్ట్ లేకుండా కుదరదా? పైదానికి పొన్ను పట్టేంత మిగిలిందా, కొలిచి చెప్పు" అని అడగండి. పొన్ను అన్న మాట అతనికి కొత్తగా ఉండొచ్చు, ఫెర్రూల్ అంటే వెంటనే తెలుస్తుంది. కొత్త డాక్టర్లకు ఇలా అడిగే పేషంట్లే కావాలి, నాకు అప్పట్లో దొరకలేదు. అతనే "25 నా చేతికి మించినది, క్యాపులు, కట్టుడు పళ్ళు చేసే ప్రోస్థో స్పెషలిస్టుకు చూపిద్దాం" అంటే మీకు చిక్కే లేదు, నారాయణగూడ పేరు అప్పుడు బయటపెట్టొచ్చు. మాట దాటేస్తే ఎక్స్‌రేలు అడిగి తీసుకోండి, అవి మీవే. 36 అతని చేతే చేయించుకుని, 25 ఒక్కటీ బయట చూపించుకుంటే ఆడపడుచు దగ్గర మాట పోదు. మొత్తం బయటే చేయించుకోవడమూ మీ ఇష్టమే, నాలుగు రోజులు ముఖాలు ముడుచుకుంటారు, అంతే.

అత్తగారికి నేనేం చెప్పలేను. ఆవిడ బతుకుతున్నారు నిజమే, సకినాలు మాత్రం పాలల్లో నానబెట్టుకుని తింటూ ఉంటారు, అడిగి చూడండి.

చివరగా ఆ సూదుల డబ్బాలో ముక్క. ముందు పళ్ళు దెబ్బ తగిలి విరిగినప్పుడు ముక్కను అప్పుడప్పుడు అతికిస్తాం. మీది నమిలే చోట చిగురు కింద దాకా విరిగింది, అతికించినా నిలవదు. అలాగని పారేయకండి. దాన్ని వెలుతురులో పట్టుకుని చూడండి. పైన తెల్లగా, నునుపుగా ఉన్నంత మేర పంటి గట్టి పైపొర, ఎనామిల్. అది ఆగిపోయిన చోట నుంచి కిందికి పసుపుపచ్చగా, మెరుపు లేకుండా ఒక తోక ఉందేమో చూడండి. ఆ తోక వేరు ముక్క. అది లేకపోయినా, గోరు అంచంత ఉన్నా మీ 25కు ఆశ ఉంది. ఐదారు మిల్లీమీటర్లు ఉంటే ఇంప్లాంట్ లెక్క వేసుకోవడం మొదలుపెట్టండి. ఎలాగూ మీ దగ్గర టేపు ఉంది. కొలిచి, కాగితంలో చుట్టి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. అంతవరకు ఎడమవైపు నమలకండి, దారం పళ్ళతో తెంపకండి.